ప్రథమ ఫలం, పాప కళ్ళద్దాలు

జులై 3
ఫోన్‌లో బ్యాంకు మెసేజీ. రమ్య పాపను పెంచమని పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ళు మా ఇంటికి పంపినప్పుడు చెప్పిన నెలసాయం — ఇన్నాళ్ళకు మొదటిసారి పడింది. స్తోత్రం! పొయ్యి మీద పాలు పొంగిపోయినా లెక్కచేయలేదు. మొదటి రాబడి ఏదైనా దేవునిదే. ఆదివారం చర్చి కానుక కవరులో పెట్టేస్తాను. మొత్తం.

జులై 7
పెట్టేశాను. దేవుడు చేసిన మేలని అందరి ముందూ సాక్ష్యం కూడా చెప్పాను, మైకు లేకుండానే. "ఆమేన్" అన్న గొంతులకు చర్చి రేకులు అదిరాయి.
ఇంటికొచ్చి చెబితే మా ఆయన — గుడికీ పోడు, చర్చికీ రాడు, గొర్రెలే లోకం — సంగటి ముద్ద చేతిలో ఆపి, "ఏమ్మే, ఆ దుడ్లు నీవా, పాపవా?"
దేవునివి అన్నాను.
"దేవునికి చూపు బాగానే ఉండాది గదా. బోర్డు కనపడంది పాపకు."
నిజమే... కళ్ళద్దాలు కావాలని టీచరమ్మ చెప్పి వారమైంది. అయినా ఆయనకెందుకు లొంగాలి? కోపంతో రెండుసార్లు పెట్టుకుని తిన్నాను.

జులై 8
ఆయన నోరు మూయించే వాక్యం కోసం గ్రంథం తెరిచాను. పేజీలు తిప్పుతుంటే ఒకచోట వేలు ఆగింది. బుట్టలో నది మీద తేలి వచ్చిన పసివాణ్ణి పెంచమని రాజు కూతురు వాడి కన్నతల్లికే జీతమిచ్చిన చోటు. ఎన్ని ఊళ్ళలో బోధించాను ఆ కథ! జీతం మాట ఒక్కనాడూ నా నోట రాలేదే! పిల్లవాడి పాలకిచ్చింది పిల్లవాడి పాలకే పోవాలి. ఆ తల్లి దాన్ని తీసుకెళ్ళి బలిపీఠం మీద పెట్టిందా? వెతికాను. ఎక్కడా లేదు.
ఆయనకు చెప్పలేదు.

జులై 9
కడప పిల్లల సంరక్షణ ఆఫీసు మేడం ఫోన్. వచ్చే నెల ఇంటికొస్తుంది. సాయం పాపకే ఖర్చవుతోందా, పాప ఎలా ఉంది — అన్నీ చూసి కమిటీకి రాస్తుంది. ఆ తర్వాతే పాపను మా దగ్గర ఉంచాలో వద్దో తేలుస్తారు.
బయటికి చూశాను. పాప గుమ్మంలో గొర్రెపిల్ల మూతికి తన ముఖం ఆనించి ఆడుతోంది. అంత దగ్గర పెడితే గానీ దాని కళ్ళు దీనికి కనపడవు.

జులై 10
సంఘం ట్రెజరర్ ఇంటికి పోయాను. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు, ఒళ్ళంతా సిమెంటు. కవరు వెనక్కి ఇమ్మన్నాను.
"కానుక పెట్టెలో పడింది యాడన్నా బయటికొస్తాదా అక్కా?"
"అది దేవుని పెట్టె అప్పా, ఎలుకల బోను గాదు!"
"శానా మాట్లాడతాండావు. సంఘం ముందర అడుగు పో."
అడుగుతా. నాకు భయమా?
భయమే.

జులై 14, ఆదివారం
సాక్ష్యాల వేళ లేచాను. పోయిన వారం చెప్పిన సాక్ష్యాన్ని ఈ వారం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. నవ్వులు. ఊరుకుంటానా — రాజు కూతురి దగ్గర మొదలుపెట్టి ఆ నదంతా వాళ్ళ మీద కుమ్మరించాను! ఆ జీతం తల్లిదీ కాదు, గుడిదీ కాదు, బుట్టలో ఉన్నవాడిది అని.
ముందు వరుసలోంచి ముసలి సుగుణమ్మ — "ఇచ్చేయండప్పా, ల్యాకుంటే ఈమె సాయంత్రం దాకా ఆపదు!"
సంఘమంతా విరగబడి నవ్వింది. నేనూ. పాస్టరయ్య కవరు తెప్పించి పాప చేతిలోనే పెట్టాడు. అంత దూరం నుంచి నా ముఖం దానికి మబ్బే. నా నవ్వు వినపడిన దిక్కుకు నడిచి వచ్చేసింది.

జులై 16
ప్రొద్దుటూరు. కళ్ళు పరీక్ష చేశారు. ఎర్ర ఫ్రేమే కావాలంది. శనివారం రమ్మన్నారు.

జులై 20
పెట్టుకుంది!
జమ్మలమడుగు వచ్చేదాకా బస్సు కిటికీ వదల్లేదు. దారిలో ఉన్న బోర్డులన్నీ గట్టిగా చదివింది — టైర్ల షాపు, పశువుల మందులు, ఇచ్చట మూత్రము పోయరాదు... బస్సంతా నవ్వు. ఇంటికొచ్చి ఆయన్ని ఎగాదిగా చూసి, "పెద్దనాయనా, నీ చెవుల్లో ఎంటికలుండాయి!"
ఆయన ఇంత సిగ్గుపడటం మా పెళ్ళిలో కూడా చూడలేదు.

జులై 21
పులివెందులలో ఉపవాస ప్రార్థన. బోధ నాదే. అంశం — పెంచినందుకిచ్చే జీతం. గొంతు పోయింది. సంతోషం పోలేదు.

ఆగస్టు 8
మేడం వచ్చింది. కళ్ళద్దాల బిల్లు చూపించాను. ముందు దుడ్లు ఎక్కడికి పోయి ఎలా వెనక్కి వచ్చాయో కూడా చెప్పేశాను. రాసుకుంది. నవ్వు ఆపుకుందో, కోపం ఆపుకుందో...
పాపను అడిగింది — ఇక్కడ ఉంటావా?
"పెద్దమ్మ శానా అరుస్తాది. ఐనా ఉంటా."
నాకు రెక్కలొచ్చాయి. మేడం మాత్రం సంచీ సర్దుకుంటూ, "నేను చెప్పేది కాదమ్మా, కమిటీ చెప్పాల" అంది.

ఆగస్టు 13
ఉత్తర్వు రాలేదు. ఈ నెల సాయం పడింది. స్కూలు బూట్లకని బజారుకు పోయాం. మొదటి జతే సరిగ్గా పట్టింది. పాప విప్పేసింది.
"ఒక సైజు పెద్దవియ్యన్నా. వచ్చే సంవత్సరానికీ కావల్ల గదా."
షాపతను నా వైపు చూశాడు. ఉత్తర్వు ఇంకా రాలేదని దానికీ తెలుసు.
పెద్దవే కట్టమన్నాను. ముందు భాగంలో గుడ్డముక్కలు కుక్కుకుని ఇల్లంతా తిరుగుతోంది. టక్ టక్ టక్... ఇప్పుడు కూడా.