కరకట్ట వెనక్కి జరిగితే

నీడర్‌వార్ద్,
మార్చి 11, మంగళవారం.

చెల్లెలు ఫెమ్మీకి,

అక్క అలైదా ప్రేమతో రాస్తున్నది. నువ్వూ మీ ఆయన హార్మూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఒంటికైతే ఏమీ లేదు, మనసే ఒకచోట నిలవడం లేదు. చర్చి దాటితే వచ్చే ఇంటికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఎదురుగా కూర్చుంటే నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. నీ మొహం చూస్తూ నేనూ చెప్పలేను. అందుకే ఈ తంటా.

నువ్వు పంపిన ఆపిల్ కేకు అందింది. ‘మా కోసం నిలబడ్డ అక్కకి’ అని చెప్పి ఇమ్మన్నావట. బల్ల మీదే ఉంది. ఇంకా కొయ్యలేదు.

శరదృతువులో మున్సిపాలిటీ వాళ్ళు ఊరి జనంలోంచి చీటీలు తీసి పంతొమ్మిది మందిని పౌర బృందంలో వేసినప్పుడు నా పేరూ వచ్చింది. నది పొంగినప్పుడు మన ఊరూ ఎగువ పట్నమూ మునగకుండా ఉండాలంటే కరకట్టను ఉన్నచోటే ఎత్తు చేయాలా, లేక మీ పల్లపు వీధికి వెనక్కి జరిపి ఆ నేలను నదికి వదలాలా అన్నది మేం తేల్చాలి. ‘నా చెల్లెలి ఇల్లు ఆ వీధిలోనే ఉంది, నన్ను తప్పించండి’ అని బృందం చూసుకునే వెర్బూమ్‌గారిని అడిగాను. ‘ఈ ఊళ్ళో ఆ వీధిలో చుట్టం లేనిదెవరికమ్మా? అలా తప్పిస్తూ పోతే చివరికి నేనొక్కదాన్నే మిగులుతాను, నాకేమో ఓటు లేదు’ అంది. నువ్వేమో, ‘అక్కా, నువ్వు కూడా దిగిపోతే ఇక మా గోడు వినిపించేదెవరు?’ అని పట్టుబట్టావు. ఉండిపోయాను.

ఆ తర్వాత నా బతుకు చూడు. రొట్టెల కొట్లో అడుగు పెడితే మాటలాగిపోయేవి. చేపల బండి దగ్గర యాన్‌కె, ‘ఏం అలైదమ్మా, ఇవాళ ఎవర్ని ముంచుతున్నారు?’ అని అందరి ముందూ అడిగింది. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాను. జనవరిలో నీళ్ళు కట్ట అంచుదాకా వచ్చిన వారం మేం బడి వ్యాయామశాలలో పటాలు పరుచుకుని కూర్చున్నాం. మీ పక్కింటి ముసలాయన బురద బూట్లతోనే లోపలికొచ్చి, ‘ఇక్కడ మీరు గీతలు గీస్తున్నారు, అక్కడ నా కోళ్ళు ఈత నేర్చుకుంటున్నాయి!’ అని అరిచాడు. ఎవరికీ నవ్వు రాలేదు. ఎత్తు పెంచినా కింద ఇసుక నేల కనుక ఊట ఆగుతుందా అని ఇంజనీర్లను పదే పదే అడిగాం. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గాని, ఆగుతుందని ఒక్కరూ మాటివ్వలేదు.

చివరికి ఏమైందో నీకు తెలుసు. రహస్యంగా చీటీలు వేశాం. కట్ట వెనక్కి జరపమని పది, వద్దని తొమ్మిది. ఎత్తు నేల మీద కొత్త ఇళ్ళు లేచి, మీరు చూసి సరేననేదాకా ఒక్క గడప కూడా కదపకూడదన్న షరతు నేనే పెట్టాను. దానికి అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. ఊళ్ళో మాత్రం ఆ షరతు సంగతి ఎవరికీ పట్టలేదు. అందరికీ కావలసింది ఒకటే, ఆ పదో చీటీ ఎవరిది?

అందరి వేలూ మా బృందంలోని త్యార్డ్ మాస్టారి మీదికే పోయింది. ఆయన కూతురు ఎగువ పట్నంలో ఉంటుంది, సమావేశాల్లో ఆ పట్నం గురించి ఎక్కువ ప్రశ్నలడిగింది ఆయనే. అంతే, తీర్పు అయిపోయింది. ఆయన గేటుకు ఎవరో బురద పూశారు. ఆయన పక్కన నిలబడి పాడనని మన హార్మ్ చర్చి పాటల బృందం మానేశాడు. నలభై ఏళ్ళ కింద నీకు చదువు చెప్పిన మనిషి ‘బాగున్నావా ఫెమ్మీ’ అని పలకరిస్తే నువ్వు మొహం తిప్పుకున్నావు. నేను పక్కనే ఉన్నాను. మీరెటు వేశారో చెప్పేస్తే ఈ గొడవ తీరుతుంది కదా అన్నాను ఆయనతో. ‘నేను చెబితే, తర్వాత మిగతా పద్దెనిమిది మందినీ నిలదీస్తారమ్మా. నా దగ్గరే ఆగనీ’ అన్నాడు.

గురువారం మా తీర్మానం మీద కౌన్సిల్ ఓటు. మీ వీధంతా బ్యానరు పట్టుకుని వస్తున్నారని విన్నాను. రండి, మీ హక్కు అది. గొంతు చించుకుని అడగండి. కానీ నువ్వు ‘సభలో లేచి, మా ఇల్లు ముంచిన చీటీ నీదేనా అని ఆ మాస్టారి మొహాన్నే అడుగుతాను’ అన్నావని యాన్‌కె చెప్పింది. ఆయన గుండె జబ్బు మనిషి. నువ్వు అడిగినా నోరు విప్పడు, నిలబడి అన్నీ భరిస్తాడు. అలా జరగకూడదు ఫెమ్మీ. నాకు భయంగా ఉంది.

హార్మ్‌ను అడిగానని చెప్పు. తెల్లారేసరికి నీ చేతికందాలని ఈ ఉత్తరం నేనే తెచ్చి మీ తలుపు సందులో వేస్తాను.

ఎప్పటికీ నీ అక్క,
అలైదా

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. మాస్టారిని అడగకు. వెనక్కి జరపమన్న చీటీల్లో ఒకటి నాది. నేను మీ వైపు వేసి ఉంటే మీరు గెలిచేవారు. ఆయన ఏం రాశారో నాకు తెలియదు. గురువారం సభలో నేనే లేచి నా సంగతి చెబుతాను, అందరికన్నా ముందు నీకు తెలియాలి.

నీళ్ళొచ్చిన వారం మీ ఇంటికొచ్చాను గుర్తుందా? ‘ఏటా ఉండేదేగా అక్కా, కాఫీ తాగు’ అని నవ్వావు. కప్పులు తెస్తుంటే నీ ఏప్రన్ జేబులో కారు తాళాలు గలగలమన్నాయి. పొయ్యి దగ్గరికెళ్ళినా అదే చప్పుడు, మెట్లెక్కినా అదే చప్పుడు. వంటింట్లో కారు తాళాలెందుకే అంటే వినబడనట్టు కాఫీ పోశావు. సోఫాలో కునుకు తీసినప్పుడు కూడా నీ చెయ్యి ఆ జేబు మీదే ఉంది. ఆ ఇంట్లోనే నిన్ను ఉంచమని చీటీ మీద రాయడానికి నాకు చెయ్యి రాలేదు.