కొబ్బరినీళ్లు పడ్డ పాటలు

నాన్నా,

నీ సంవత్సరీకం అయ్యాక వచ్చిన తొలి దసరా ఇది. నీ వయొలిన్ పక్కనే, నువ్వు పాడిన పాటలన్నీ దాచిన హార్డ్ డిస్క్‌నీ పూజలో పెట్టాం. "మీ నాన్న గొంతున్నాది గదే, అదీ సరస్వతే" అంది అమ్మ.

కొబ్బరికాయ నేనే కొట్టాను. నీళ్లు హార్డ్ డిస్క్‌మీద చిందాయి. పైపైన తుడిచి, ఒక పాట పెడదామని వెంటనే కంప్యూటర్‌కి తగిలించాను. టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. వేరే కాపీ లేదు.

విజయనగరంలో బాగుచేసే అతను విప్పి చూశాడు. "లోపల పాటలుండే పలక గీసుకుపోనాదండి. ఇంకేటీ రాదు."

అమ్మకి చెప్పలేదు. రోజూ పాట పెట్టమంటుంది.

నా ఫోన్‌లో నువ్వు నాకు చెప్పిన సంగీత పాఠం నాటి రికార్డింగ్ ముక్క ఒక్కటి మిగిలింది. అందులో పాడేది నేను. చివర్లో నీ గొంతు వినిపిస్తుంది: "ఆపవే. సక్కటి కీర్తన, సేతులారా నాశనం సేసేవు."