శనివారం కూడా పనిదినమే

2023 ఆగస్టు 2, బుధవారం

అప్పుల సలహాలిచ్చే కౌన్సెలర్ ఫోన్లో గంటసేపు పాఠం చెప్పింది. అది వింటేనే రివర్స్ మార్ట్‌గేజ్ ఇస్తారు. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకే నాకు నెలనెలా డబ్బిస్తుంది. నేను పోయాక ఇల్లు అమ్మించి బాకీ తీసుకుంటుంది. ముప్ఫై ఏళ్లు మా టొలీడో ఊరి పిల్లలకు జామెట్రీ చెప్పినందుకొచ్చే పెన్షన్ ఇంటిపన్నుకీ మందులకీ చాలడం లేదు.

మనవడు బ్రెంట్‌కి ఇంకా చెప్పలేదు. తొమ్మిదో ఏట తండ్రి పోయినప్పటి నుంచీ వాణ్ణి నేనే పెంచాను. ఇప్పుడు ముప్ఫై నాలుగు. మకాం మా బేస్‌మెంట్‌లో. నా తర్వాత ఇల్లు తనదేనని వాడి ధీమా.

ఆగస్టు 20

ట్రక్ కొనడానికి ఇల్లు తన పేర రాయమన్నాడు. కాదన్నాను. వంటింటి తలుపు తన్నితే బందు ఊడింది.

సెప్టెంబరు 14, గురువారం

అప్పు కాగితాల మీద సంతకాలు అయ్యాయి.

సెప్టెంబరు 15, శుక్రవారం

నా పర్సు వెతికి కాగితాలు చూశాడు. తాత కట్టిన ఇల్లు బ్యాంకోడికి దోచిపెడతావా, నేనేం రోడ్డు మీద పడుకోవాలా అని చెంప పగలగొట్టాడు. కళ్లజోడు సింకులో పడింది. ఏడవకు నానమ్మా, చూడలేకపోతున్నా అన్నాడు. ఏడవడం లేదు, కన్ను కారుతోంది అన్నాను.

కాగితాల్లో రద్దు ఫారం ఉంది. మూడు పనిదినాల్లోపు సంతకం చేసి పంపితే అప్పు లేనట్టే. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. శుక్రవారం ఒకటి, శనాదివారాలు సెలవు, సోమవారం రెండు, మంగళవారం మూడు. మంగళవారంలోగా నీ చేత సంతకం పెట్టించకపోతే చూడు అన్నాడు.

ఈ అప్పు లెక్కలో శనివారం కూడా పనిదినమే. సోమవారం అర్ధరాత్రితో గడువు సరి. నేను దిద్దలేదు. పిల్లల తప్పు దిద్దకుండా వదలడం నా జీవితంలో ఇదే మొదలు.

సెప్టెంబరు 17, ఆదివారం

పొద్దున సంతకం పెట్టనన్నాను. బేస్‌బాల్ బ్యాటుతో అల్మరా పగలగొట్టాడు. పద్నాలుగు ప్లేట్లు, సూప్ గిన్నె. ఒక పెంకు నా ముక్కు చీల్చింది. చప్పుడుకి ఎదురింటి మిసెస్ ఒకేసియో తలుపు కొట్టింది. ప్లేట్లు సర్దుకుంటున్నాం అన్నాను. నీ మొహం కూడా సర్దారేం లోరైన్ అంది. పోలీసుల్ని పిలవనా అంది. వద్దన్నాను. పెంచింది నేనే.

సెప్టెంబరు 19, మంగళవారం, ఉదయం 6

రాత్రితో గడువు దాటింది. కాఫీ పెట్టుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

ఎడమ చేత్తో రాస్తున్నాను.

ఎనిమిదింటికి ఫారం తెచ్చి నా మెడ టేబుల్‌కి అదిమాడు. పెడతానన్నాను. పెట్టాను. పంతొమ్మిది అని తేదీ స్పష్టంగా వేశాను. ఇదేదో ముందే ఏడవొచ్చుగా అని కుడి మణికట్టు మెలిపెట్టాడు. సెలరీ కాడ విరిచినట్టు వినబడింది. ఫారం పట్టుకుని, ఈల వేసుకుంటూ కారెక్కాడు.

ఫోన్ పట్టుకెళ్లాడు. వీధి తలుపుకి లోపలి గొలుసు తగిలించాను.

పదిన్నరకి బ్యాంకు నుంచి వచ్చాడు. తాళం తీశాడు, గొలుసు ఆపింది. శనివారం ఎవడు పని చేస్తాడే ముసలిదానా, నీకు తెలిసే నోరు మూసుకున్నావు కదా అని వీధంతా వినేలా అరిచాడు. గొలుసు తీయడానికి సందులోంచి చెయ్యి పెట్టాడు. భుజంతో తలుపు తోశాను. వేళ్లు నలిగాయి. నానమ్మా, చెయ్యి, నానమ్మా అన్నాడు. తలుపు కాస్త వదిలి, మళ్లీ తోశాను.

రెండోసారి అవసరం లేదు. అప్పటికే మిసెస్ ఒకేసియో పోలీసుల్ని పిలిచింది, సైరన్ వినిపిస్తోంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి కనుక రాస్తున్నాను.

2024 జనవరి 30

బ్రెంట్‌కి రెండేళ్ల జైలు పడింది. జడ్జి నా చెయ్యి చూపమంది, చూపాను. అడగకుండానే వాడు తన చెయ్యి ఎత్తి చూపాడు. రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. నేనే ముందు తల తిప్పుకున్నాను.

సెప్టెంబరు 24

నేనింకా ఈ ఇంట్లోనే ఉంటున్నానా అని బ్యాంకు నుంచి ఏటా వచ్చే ఉత్తరానికి, విరిగి అతికిన చేత్తో సంతకం చేసి పంపాను. ఈరోజు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. సంతకం కలవడం లేదు మేడం, ఆ ఇంట్లో ఉంటున్నది మీరేనా అంది.

ఇప్పుడు నేనే అన్నాను.