ఎక్స్‌ట్రాల గడిలో ప్రూయిట్

మోరిస్‌విల్,
జూలై 14, సోమవారం.

నాన్నగారికి,

కృష్ణవేణి నమస్కారాలు. ఇక్కడ మేమందరం బాగున్నాం, మా హెరాన్స్ బేస్‌బాల్ జట్టు ఒక్కటే బాగాలేదు. అక్కడ మీరు, తమ్ముడు అవినాష్, మరదలు శ్రీవిద్య, చిన్నాడు విహాన్ కులాసాగా ఉన్నారని, ఫ్రిస్కో ఎండలు మిమ్మల్ని మరీ వేపుకు తినడం లేదని తలుస్తాను. ఫోన్ చేస్తే నేను అన్నది ఒకటి, మీకు వినపడేది ఇంకొకటి. అందుకే ఉత్తరమే నయం.

మీ కిందటి ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగారు. నా మోకాలి నొప్పి తగ్గింది. మీ మనవరాలు నిధి కాలేజీ నుంచి రెండు వారాలకోసారి వస్తోంది, వచ్చినప్పుడల్లా ఉతకాల్సిన బట్టల మూట తెస్తోంది. మీ అల్లుడి బీపీ అదుపులోనే ఉంది, ఆట ఉన్న రోజు నాకే పెరుగుతోంది. నాలుగో ప్రశ్న చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. దానికి జవాబు చివర్న రాస్తాను. ముందు మిగతావాళ్ళ మీద కోపం తీర్చుకోనివ్వండి.

ఈ ఏడు మా జట్టు బ్యాటింగ్ చూస్తే మీరు కుర్చీ ఎత్తేసేవారు. వచ్చిన ప్రతివాడూ బంతిని కంచె అవతలకి కొట్టేయాలని చూడటం, గాలిని కొట్టడం, తల వంచుకుని వెళ్ళి కూర్చోవడం. మే నెలలో వరసగా ఏడు ఆటలు ఓడారు. ఏడింటిలోనూ కలిపి పన్నెండు పరుగులు! మన గుంటూరులో పొగాకు కంపెనీ గుమాస్తాల క్రికెట్ జట్టు ఇంతకంటే నయంగా ఆడేది. మీరూ అందులో గుమాస్తాయే కాబట్టి ఈ మాటకి ఏమీ అనుకోకండి.

ఇక మా అభిమానుల సంగతి. మూడో బేస్ వైపు పన్నెండు సీట్లు మన తెలుగువాళ్ళవే. వాట్సాప్‌లో ఒక గ్రూపు కూడా ఉంది. జట్టు బ్యాటింగ్ ఎలా బాగుపడాలన్నది అందులో రాత్రింబవళ్ళు చర్చ. అఫెన్స్, అఫెన్స్ అంటూ ఒకటే గోల. ఎవరి వైద్యం వారిదే. లోకేష్ అని ఒకడున్నాడు, ఏదో కంపెనీలో మేనేజరు.

“సింపుల్ ఆంటీ! మనకి పవర్ లేదు. ఒక బిగ్ బ్యాట్‌ని సైన్ చేస్తే ప్రాబ్లం సాల్వ్ అయిపోతుంది” అంటాడు.

వాడికి నలభై రెండేళ్ళు, నాకు యాభై రెండు. ఏ లెక్కన నేను వాడికి ఆంటీనో నాకు తెలియదు. పక్క సీటులో వీరభద్రం గారు, కరీంనగర్ ఆయన, రిటైరయ్యి కూతురి దగ్గర ఉంటున్నారు. ఆయన దారి వేరు.

“ఊకె సిక్సర్లు కొడ్తమంటె ఎట్లయితది బిడ్డా? మెల్లగ తట్టుడు నేర్పియ్యాలె, ఉరుకుడు నేర్పియ్యాలె. గంతే.”

నాకు ఆయన మాటే కొంత నచ్చింది. అదే చెప్పబోయాను. పిచ్చి ఊపుళ్ళు మానేసి ముందు మొదటి బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, చేరడం చూడండి, పరుగులు అవే వస్తాయి అని. అందరి ముందూ లోకేష్ ఏమన్నాడో తెలుసా?

“ఆంటీ, మీరు పులిహోర డిపార్ట్‌మెంట్ చూసుకోండి. అఫెన్స్ మేం చూసుకుంటాం.”

అందరూ నవ్వారు. నా పులిహోర తింటూనే నవ్వారు. మీ అల్లుడు కూడా నవ్వారు నాన్నగారూ, ఆ సంగతి నేను మర్చిపోను. నాలుగేళ్ళుగా ఒక్క ఆట వదలకుండా, సొంత మైదానంలో ఆటలు కళ్ళతో చూసి, బయటి ఊళ్ళ ఆటలు కంప్యూటర్‌లో విని, మీరు నేర్పినట్టు గీతలు గీసి స్కోరు పుస్తకం రాస్తున్నది ఆ పన్నెండు సీట్లలో నేనొక్కదాన్నే. ఆ పుస్తకాన్ని మర్నాడు పట్టుకెళ్ళాను.

పేజీ తీసి వాళ్ళ ముందు పెట్టాను. ఎనిమిదో నంబరు చొక్కా, డారెల్ ప్రూయిట్. ముప్ఫై నాలుగేళ్ళవాడు. పొట్టి మనిషి, మాట్లాడడు, చలికాలంలో స్కూలు బస్సు నడుపుతాడట. బ్యాటింగ్ వరసలో రెండోవాడుగా వస్తాడు. నూట ఇరవై సార్లు వచ్చాడు, ఇరవై ఒక్కసార్లు బంతిని కొట్టి బేస్ చేరాడు. అంటే వందకి పదిహేడున్నర, వెయ్యికి లెక్కకట్టే ఇక్కడివాళ్ళ భాషలో వన్ సెవెంటీ ఫైవ్. ఇలాంటివాణ్ణి రెండో స్థానంలో పెట్టుకుని పవర్ అనీ తట్టుడు అనీ కొట్టుకు చస్తారేమిటి, ముందు ఇతన్ని పక్కన కూర్చోబెట్టించండి అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. నీరజ్ అనే కుర్రాడు మాత్రం, ఇక్కడే ఎమ్మెస్ చేస్తున్నాడు, ఫోన్ చూసుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

“ఆంటీ, అఫీషియల్ యావరేజ్ టూ ట్వంటీ సిక్స్ ఉంది. మీ బుక్‌లో వన్ సెవెంటీ ఫైవ్ వస్తోంది. ఒకసారి చెక్ చేస్తారా?”

“నీరజ్, ఇరవై రెండేళ్ళుగా నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. నాకు చెక్ చేయడం నేర్పకు. వాళ్ళ బోర్డు తప్పు.”

వాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. పెద్దదాన్ని, ఎదురు చెప్పడం బాగుండదని ఊరుకున్నాడు. ఇక్కడ మనవాళ్ళ పిల్లల్లో ఆ మర్యాద ఇంకా ఉంది. అది ఉన్నందుకే నా కొంప మునిగింది.

ఏ ఇద్దరికీ పొసగని గ్రూపు నా పేజీ దగ్గర ఒక్కటైంది. లోకేష్ ఉత్తరం టైప్ చేశాడు, అంకెలు నావి. ముందు వరసల్లోని అమెరికన్లు కూడా సంతకాలు పెట్టారు, మొత్తం నూట నలభై. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం జట్టు మేనేజరు అభిమానులతో కూర్చుని కాఫీ తాగుతాడు. జూన్ నాలుగో ఆదివారం నేనే లేచి చదివాను. చదువుతుంటే ఎంత గర్వపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ మంగళవారం నుంచి ప్రూయిట్‌ని బెంచీ మీద కూర్చోబెట్టారు. అతని బదులు ఇరవై రెండేళ్ళ భీముడొకడు వచ్చాడు. వాడు నెలకో సిక్సరు కొడతాడు, మిగతా రోజులన్నీ గాలిని కొడతాడు. తర్వాత పన్నెండు ఆటల్లో తొమ్మిది ఓడాం. నేను మేనేజర్ని తిట్టాను, భీముణ్ణి తిట్టాను, అంపైర్లని తిట్టాను. తిట్టి తిట్టి గొంతు పోయి ఉప్పునీళ్ళు పుక్కిలించాను.

అప్పుడు, పోయిన మంగళవారం మీ ఉత్తరం వచ్చింది. మీ నాలుగో ప్రశ్న మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను, మీరే చూడండి.

“కృష్ణా, నువ్వు పంపే కాగితాల్లో ఎక్స్‌ట్రాల గడి నిండిపోయి పక్క గడిలోకి కారుతోంది. భూతద్దం పెట్టి చూస్తే, సగం ఈ ఎనిమిదో నంబరు అబ్బాయి ఆడేటప్పుడే పడుతున్నాయి. అవతలి బౌలర్లు వైడ్లు వేస్తున్నారా, లేక ఇతనే వేయిస్తున్నాడా?”

చదవగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నీరజ్ అయిపోయాడు, ఇక మీరా? ఈ ఆట ఒక్కటి కూడా పూర్తిగా చూడని మనిషి, ఎనభై ఒక్కేళ్ళ వయసులో టెక్సాస్‌లో మంచం మీద కూర్చుని నా పుస్తకంలో తప్పు పడతారా? వెంటనే రెండు పేజీల జవాబు రాశాను. చాలా కరుకుగా రాశాను. స్టాంపులు అయిపోయి పోస్టులో వేయలేదు. ఆ స్టాంపులకి నేను దణ్ణం పెట్టుకోవాలి.

బుధవారం సాయంత్రం, మీకు బుద్ధి చెబుదామనే, పుస్తకం తీసి ప్రూయిట్ వచ్చిన నూట ఇరవై సార్లూ ఒక్కొక్కటే మళ్ళీ చూశాను. పొయ్యి మీద చారు పొంగిపోయింది. మీ అల్లుడు వచ్చి కట్టేశారు.

నేను చేసిన పని ఇది నాన్నగారూ. ఈ ఆటలో బౌలరు కొట్టడానికి వీల్లేని బంతులు నాలుగు వేస్తే, బ్యాటరు నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్ళిపోతాడు. దాన్ని వాక్ అంటారు. నాకు పన్నెండేళ్ళప్పుడు కాలేజీ గ్రౌండులో షామియానా కింద, క్రికెట్ స్కోరు రాస్తూ మీ పక్కన కూర్చోబెట్టుకుని మీరు నేర్పిన మొదటి పాఠం ఏమిటి? “వైడ్ అంటే బౌలరు చేసిన తప్పు. బ్యాటరు ఖాతాలో వేయకూడదు, ఎక్స్‌ట్రాల్లో వేయి.” నలభై ఏళ్ళుగా ఆ మాట నా వేళ్ళలో ఉంది. నాలుగేళ్ళుగా ప్రతి వాక్‌నీ ఎక్స్‌ట్రాల గడిలో వేస్తున్నాను. అతను బ్యాటింగ్‌కి వచ్చినట్టు లెక్క, వచ్చి ఏమీ సాధించనట్టూ లెక్క. ఆఖరికి బోర్డు మీద రాసేవాడు కూడా వాక్ వచ్చిన సార్లని తీసేసి సగటు కడతాడు. నేను అదీ చేయలేదు.

ప్రూయిట్‌కి ఇరవై ఏడు వాక్‌లు ఉన్నాయి. ఇరవై ఒకటీ ఇరవై ఏడూ నలభై ఎనిమిది. నూట ఇరవై సార్లలో నలభై ఎనిమిదిసార్లు, అంటే పదికి నాలుగుసార్లు అతను బేస్ చేరాడు. మిగతావాళ్ళందరికీ కూడా లెక్క కట్టాను. జట్టులో అతని దరిదాపుల్లోకి వచ్చినవాడు లేడు. నేను ఏది కావాలని పులిహోర గిన్నె పట్టుకుని అరిచానో, సరిగ్గా ఆ పని చేస్తున్న ఒకే ఒక్క మనిషిని నా చేత్తో నేనే పీకేయించాను. ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని. నా మీద నాకు వచ్చిన కోపం ముందు లోకేష్ మీద వచ్చింది కోపమే కాదు.

గురువారం పొద్దున గ్రూపులో మెసేజ్ వచ్చింది. ప్రూయిట్‌ని జట్టులోంచి తీసేశారు. కింద పదకొండు చప్పట్ల బొమ్మలు.

సగం రోజు సెలవు పెట్టి గ్రౌండుకి డ్రైవ్ చేశాను. మేనేజరు దొరికాడు. పుస్తకం చూపించి, తప్పు నాది, అతన్ని వెనక్కి పిలవండి అన్నాను. ఆయన విసుక్కోలేదు. “మీ ఉత్తరం చూసి తీయలేదమ్మా, మా కారణాలు మాకున్నాయి” అన్నాడు. నేను కదలకుండా నిలబడేసరికి, “కానీ అది అతనికి మంచి చేయలేదులెండి” అన్నాడు. ఇంకొకడిని అప్పటికే తీసుకున్నారట, ఇక కుదరదట.

బయట పార్కింగ్‌లో ప్రూయిట్ తన ట్రక్కులో బ్యాట్ల సంచి పెట్టుకుంటున్నాడు. వెళ్ళి చెప్పాను. ఉత్తరంలోని అంకెలు నావని, అవి తప్పని చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. చెయ్యి తుడుచుకుని, పుస్తకం చూడొచ్చా అని అడిగాడు. మన తెలుగు అంకెలూ రాతా అతనికేం తెలుస్తుంది? నేను వేలితో ఎక్స్‌ట్రాల గడి చూపిస్తూ, ఇది నువ్వు, ఇది నువ్వు, ఇదీ నువ్వే అని ఇరవై ఏడూ చూపించాను. చాలాసేపు చూశాడు.

“పద్నాలుగేళ్ళు ఆడాను. నేను వదిలేసిన బంతుల్ని ఇలా ఒక్కొక్కటీ రాసుకున్నవాళ్ళని చూడలేదు” అన్నాడు. తప్పు గడిలో రాసినా రాశాను కదా అని అతని ఉద్దేశం కాబోలు. సరిచేశాక ఆ పేజీ ఒకటి పంపమని, నా టికెట్ వెనకాల అడ్రసు రాసిచ్చాడు. ఎందుకో చెప్పలేదు. ట్రక్కు ఎక్కుతూ మాత్రం ఒక మాట అడిగాడు.

“మీ పుస్తకాన్ని ఎవరు చెక్ చేస్తారు?”

“మా నాన్నగారు” అన్నాను.

నిన్న ఆదివారం కాఫీ దగ్గర లేచి అందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. “అంటే సైన్ చేసిన మేమంతా ఫూల్సా ఆంటీ?” అన్నాడు లోకేష్. “మీరు నన్ను నమ్మారు. ఫూల్‌ని నేను” అన్నాను. నీరజ్‌కి అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాను, వాడు పాపం తల దించుకున్నాడు. వీరభద్రం గారు, “పోనియ్ తల్లీ, తప్పు చెయ్యనోడు ఎవడు” అన్నారు. అక్కడితో అయిపోయింది. అయిదు నిమిషాల్లో మళ్ళీ మొదలు, ఏ బిగ్ బ్యాట్‌ని తేవాలి, ఎవర్ని తీసేయాలి అని. ఒక మనిషి కూడు పోతే వీళ్ళకి అయిదు నిమిషాలు! నాకు తిట్టడానికి నోరు రాలేదు. ఏ ముఖం పెట్టుకుని తిట్టను?

ఇప్పుడు మీ దగ్గర దాచింది చెప్పాలి. ప్రూయిట్‌తో నేను అన్నది అబద్ధం. మీరు ఎప్పుడూ నా పుస్తకం చెక్ చేయలేదు, నేను చేయనివ్వలేదు. మీరు చదువుకుని సంతోషిస్తారని కాగితాలు పంపానే గానీ, తప్పులుంటే చెప్పమని ఒక్కసారీ అడగలేదు. అక్కడ గుంటూరు గ్రౌండులో ఎప్పుడూ ఇద్దరు స్కోరర్లు కూర్చునేవారు. ఓవరు అవగానే మీరు పైకి చదివేవారు, అవతలి జట్టు స్కోరరు అవునని తల ఊపేవాడు. ఆట అయ్యాక ఇద్దరి సంతకాలూ పడితేనే అది స్కోరు. మీరు నేర్పిన మొదటి పాఠం పట్టుకుని ఈ పాఠం వదిలేశాను.

ఈ కవర్లో ప్రూయిట్ పేజీ సరిచేసి, కొత్తగా రాసి పెట్టాను. పాత పేజీల నకళ్ళు కూడా ఉన్నాయి. భూతద్దం పెట్టుకుని నూట ఇరవై సార్లూ టిక్కు పెట్టండి. తొందరేం లేదు, కళ్ళు నొప్పెడితే ఆపి మర్నాడు చూడండి. ఎక్కడ తేడా వచ్చినా మొహమాటపడకుండా రాయండి. అంతా సరిపోతే కింద ఎడమవైపు నా సంతకం ఉంది, కుడివైపు గీత ఖాళీగా ఉంచాను. అక్కడ మీరు సంతకం చేసి పంపితేనే అతనికి పోస్టు చేస్తాను.

ఇట్లు,
మీ కూతురు,
కృష్ణవేణి,
ఒకటో స్కోరరు.