రెండు చెంచాల నీళ్ళ నింద

రిటైరైన భూగోళం టీచరును, ఇద్దరు పిల్లల తల్లిని, ఒక మనవరాలికి అమ్మమ్మను అయిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. డాక్టర్లు నా జీర్ణాశయం మొత్తం తీసేశారు గాని బుర్ర జోలికి పోలేదు. ఇదివరకు నేను రాసినవేవీ ఇక చెల్లవు.

1. నేనుంటున్న రెండంతస్తుల ఇల్లు నా స్వార్జితం. పై అంతస్తు కొడుక్కి, కిందిది కూతురికి. వీధి గుమ్మం, మెట్లు ఉమ్మడి. అడ్డుగోడ కట్టే హక్కు ఎవరికీ లేదు. కొడుకు అప్పుడే మేస్త్రీని పిలిచి కొలతలు తీయించాడు. పక్క గదిలో పడుకున్న తల్లికి చెవులు కూడా తీసేశారనుకున్నాడు కాబోలు.

2. నా గ్లోబు మనవరాలికి. ఇప్పుడు లేని దేశాలు దాని మీద రెండు మూడున్నాయి; ఉండనియ్యి తల్లీ. నా ఉన్ని మేజోళ్ళు కూడా నీకే. వదులైనా తొడుక్కో, నీ పాదాలెప్పుడూ చల్లగానే ఉంటాయి.

3. నిలువుటద్దం మా చెల్లెలికి. ఆసుపత్రికొచ్చి, "ఎంత సన్నబడ్డావే అక్కా, అదృష్టవంతురాలివి!" అన్నది తనే. అద్దంలో తన దురదృష్టం తీరిగ్గా చూసుకోవచ్చు.

4. ఇక అసలు సంగతి. పోయినేడాది కేన్సరు ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత లోపల పేగును కలిపి కుట్టిన అతుకు లీకై చీము పట్టింది. వారాల తరబడి ఐసీయూలో పడున్నాను. బయటపడేసరికి కీమో తట్టుకునే శక్తి లేదు. ఇవ్వాల్సిన అదను దాటిపోయింది. ఇప్పుడు జబ్బు కాలేయంలో తేలింది. ఇలాంటి చిక్కులు గాయం మానడంతో పోవనీ, జబ్బు తిరగబెట్టే అవకాశాన్ని పెంచుతాయనీ సర్జనే చెప్పారు.

లీకు బయటపడ్డ పొద్దున, నోటికేమీ ఇవ్వొద్దని డాక్టర్లు చెప్పినా, పెదాలు పగిలి నేను ఏడుస్తుంటే చూడలేక కూతురు రెండు చెంచాల నీళ్ళు పోసింది. "అమ్మని చంపుతున్నది నువ్వే" అన్నాడు కొడుకు. అప్పట్నుంచి దాన్ని గడప తొక్కనివ్వడు.

సర్జన్ని నేనే అడిగాను. "జ్వరం ముందురోజే మొదలైందమ్మా, అతుకు అప్పటికే వదిలింది. ఆ నీళ్ళ వల్ల కాదు. ఎంత జాగ్రత్తగా కుట్టినా కొందరికి ఇలా అవుతుంది" అన్నారు. కొడుకు పక్కనే ఉండి విన్నాడు. విని, కిటికీ వైపు తిరిగాడు. ఇది ఎవరో ఒకరి తప్పు కాకపోతే, నేను పోవడాన్ని ఎలా భరించాలో వాడికి తెలియదు.

5. వీలునామా మనిషి పోయాకే అమలవుతుందని నాకూ తెలుసు. ఈ నిబంధన మాత్రం నేనుండగానే. దీని అమలుకు నేను నియమించిన మా తమ్ముడు ఇవాళే నా కొడుక్కి చదివి వినిపించాలి.

ఒరే నాన్నా, నువ్వే వెళ్ళి నీ చెల్లెల్ని తీసుకురా. నేను పోయాక, నన్ను అమ్మా అని పిలిచినవాళ్ళలో నీకు మిగిలేది అదొక్కతే. క్షమాపణలూ గట్రా తర్వాత చూసుకోండి. రేపు పొద్దున్నే బయల్దేరు. ఎల్లుండి మీద నాకు నమ్మకం లేదు.

మార్చి పదకొండు, మంగళవారం.

(సంతకం)
వణికినా చెయ్యి నాదే.

నా ఎదుటే సంతకం చేసిన సాక్షులు:
ఇంటికొచ్చి సెలైన్ పెట్టే నర్సు
ఎదురింటి మందుల షాపాయన