పారాణి కాళ్లు

ఫిబ్రవరి 3

పాలు, గ్యాస్, కూరగాయల లెక్క రాసేశాను. ఇక ఇది.

మా ఆయన ధర్మేంద్ర జానపద పాటలకు వీడియోలు తీస్తాడు. విజయనగరంలో పెళ్లి క్యాసెట్లతో మొదలుపెట్టిన నాటి నుంచీ షూటింగులో కంటిన్యుటీ నాదే. ముందు షాట్‌లో ఏ గాజులు, పూలు ఏ వైపు, బొట్టు ఎంత, అన్నీ నేనే చూసుకునేదాన్ని. ఈరోజు అసిస్టెంట్‌ను పెట్టుకున్నాడు. సుహాసిని అట. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివిందట. ఇక నాకు శ్రమ ఉండదన్నాడు.

శ్రమ అని నేనెప్పుడైనా అన్నానా?

ఫిబ్రవరి 8

ఎదురింటి బుల్లమ్మ కళ్లెగరేసింది. "మీ ఆయన బండెనకాల ఆ గుంటెవరే? జాగర్తే తల్లీ."

నవ్వేశాను. ఆవిడ అనుకునేది కాదు. ఆయన ఆ పిల్లను ఒక్కసారి కూడా వంకరగా చూడలేదు. అలా చూసినా ఇంత మండేది కాదేమో. షాట్ ఎలా ఉందని దాన్ని అడుగుతున్నాడు.

ఫిబ్రవరి 14

బొబ్బిలి దగ్గర షూటింగ్. పెళ్లి పాట. ఇది నచ్చితే వైజాగ్ కంపెనీ పది పాటలు ఇస్తుంది. ఆయనకు యాభై దాటాయి. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు.

మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చి పందిట్లో దించుతాడు. పారాణి కాళ్లు బుట్టలోంచి నేల మీద ఆనుతాయి. పాటకు అదే మొదటి షాట్.

నన్ను వంటలు చూడమన్నాడు. గరిటె పట్టుకునే గుమ్మంలో నిలబడ్డాను. పెళ్లికూతురు వేషం కట్టిన కుమారికి కిందటేడు నిజంగానే పెళ్లయింది. తాళి జాకెట్టులోకి తోసుకుంది. కాళ్లకున్న మెట్టెలు తీయడం మరిచిపోయింది. ఇంకా తాళి కట్టని పెళ్లికూతురికి మెట్టెలు! ఊళ్లో ఏ ఆడదైనా ముందు అవే చూస్తుంది. సుహాసిని ట్యాబ్‌లో గాజులు సరిచూసుకుంటోంది. పెళ్లికాని పిల్ల, దానికి కాలివేళ్ల మీద ధ్యాస ఎక్కడిది? ఆయన లైటింగ్ చూస్తున్నాడు.

నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

షాట్ ఓకే అన్నారు. అందరికీ వడ్డించాను.

ఫిబ్రవరి 15

చెప్పలేదు.

ఫిబ్రవరి 18

ఎడిటింగ్‌లో సుహాసినే కనిపెట్టింది. తప్పు తనదేనని ఏడ్చిందట. ఎల్లుండికల్లా పాట కంపెనీకి పంపాలి. కుమారి ఒడిశాలో వేరే షూటింగులో ఉంది.

ఆయన కంచం ముందు కూర్చుని అడిగాడు. "నువ్వక్కడే ఉన్నావు కదే. సూడలేదేటి?"

వంటల దగ్గర ఉన్నానన్నాను. తిడతాడనుకున్నాను. నా మొహం చూస్తే తెలిసిపోతుందనుకున్నాను.

"అవున్లే, ఆ పొయ్యికాడ నీకేటి కనిపిస్తాది" అని అన్నం కలుపుకున్నాడు.

ఇన్నేళ్లూ నా కళ్లతో చూసిన మనిషి. ఎంత తేలిగ్గా నమ్మేశాడు.

ఫిబ్రవరి 19

బుట్ట, చీర మళ్లీ తెప్పించాడు. ముఖం కనిపించదు కాబట్టి ఎవరి కాళ్లయినా సరే, మెట్టెల మచ్చ ఉండకూడదంతే. యూనిట్‌లో అలాంటి కాళ్లు ఒక్కరివే. సుహాసినివి.

పారాణి నన్నే పెట్టమన్నాడు. పీట వేసి, ఆ కాళ్లు నా ఒళ్లో పెట్టుకున్నాను. సన్నటి వేళ్లు. ఆ పిల్ల చక్కిలిగింతలకు నవ్వుతూ కాళ్లు కదుపుతూనే ఉంది.

గీత ఎక్కడా చెదరలేదు. చెదరగొట్టాలనిపించింది. పని చెడగొట్టడం నాకు చేతకాదు.

మార్చి 2

పాట విడుదలైంది. కంపెనీ పది పాటలూ ఇచ్చింది. పదింటికీ కంటిన్యుటీ సుహాసినిదే.

బుల్లమ్మ ఫోన్ పట్టుకుని మా ఇంటికే వచ్చింది. మొదటి షాట్ దగ్గర ఆపి, లక్ష్మీదేవి కాళ్లలా ఉన్నాయి, ఎవరివని అడిగింది.

కుమారివని చెప్పాను.