నేను సరిచూసిన లెక్క

మట్టెవాడ, వరంగల్
7 నవంబరు 1981

చిరంజీవి బాలకిషన్‌కు,

మార్కండేయులు సారు దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మా సావిత్రి మోకాలి నొప్పి అలాగే ఉంది. కాలేజీ ల్యాబు కప్పు ఈ వానాకాలం కూడా కారింది. నీ పీహెచ్‌డీ వైవా పందొమ్మిదో తారీఖు గురువారమని మీ నాన్న చెప్పాడు. నువ్వు చెప్పలేదు.

దసరా మరునాడు మీ నాన్న సిద్దిరాములు మా ఇంటికి వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం, చంకలో నువ్వు పంపిన నీ పరిశోధన వ్యాసం అచ్చు కాగితాలు. ఇంగ్లీషు రాదు కదా, మొదటి పేజీ నా ముందు పెట్టి, "మా పోరని పేరు ఏడున్నది సార్, జర వేలు పెట్టి చూపియ్యుండ్రి" అన్నాడు. చూపించాను. పక్కన నా పేరు కూడా ఉంటుందని వేలు కొంచెం ముందుకు జరిపాను. అక్కడేమీ లేదు. చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, లెక్కను విడిగా చేసి సరిచూసినందుకు నాకు కృతజ్ఞతలు. ఆయన చూస్తుండగానే మిఠాయి నోట్లో వేసుకుని బాగుందన్నాను.

రెండేళ్లు ప్రతి ఆదివారం హైదరాబాదు నుంచి ప్యాసింజరు బండెక్కి వచ్చేవాడివి. నాన్ అబీలియన్ గేజ్ సిద్ధాంతమనే మాట ఈ ఇంట్లో మొదట పలికింది నువ్వే, ఒప్పుకుంటాను. కానీ నీకు మాత్రికలు నేర్పిందెవరు? పనుల వరస మారితే ఫలితం మారిపోయే గణితమిది అని నేనంటే, గంజి పెట్టిన నూలుకు రంగు పట్టదు, రంగేశాకే గంజి, అంతే కదా సార్ అని నవ్వావు. వెలుగు కణాలు ఒకదాని జోలికి ఒకటి పోవనీ, ఇక్కడ మాత్రం బలాన్ని మోసే కణాలే ఒకదాన్నొకటి లాక్కుంటాయనీ, అందుకే లెక్క పేజీలకు పేజీలు సాగుతుందనీ ఇద్దరం కలిసే తెలుసుకున్నాం. లెక్కలో తప్ప లోకంలో ఉండని కణాలను దయ్యాలంటారని విన్నాక సావిత్రి ఆదివారం పూట ఆ గది ఊడ్వడమే మానేసింది.

అంత పొడవు లెక్కలో ఒక్క గుర్తు జారినా తెలియదు. అందుకే మన ఒప్పందం: ఇద్దరం విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా చేయాలి, జవాబులు కలిస్తేనే అచ్చుకు పంపాలి. మార్చిలో నీది ముగించి, నాది అయ్యాకే తెరవమని నోటుపుస్తకం నా దగ్గర పెట్టి వెళ్లావు. ఏప్రిల్‌లో నా జవాబు చెప్పాను. రెండూ కలిశాయి. నువ్వు నా కాళ్లు మొక్కావు.

పేర్ల సంగతి వచ్చినప్పుడు నా పేరెందుకులే అన్నాను. అన్నాను, కాదనను. బంతిలో కూర్చున్నవాడు చాలు చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వడ్డించేవాడు వెళ్లిపోతాడా? ఇంకో గరిటె వేస్తాడు, అదీ మర్యాద. నువ్వు రెండోసారి అడగనైనా లేదు. "సరే సార్, మీరెట్లంటె అట్లనే" అని సంచి సర్దుకున్నావు. అచ్చయ్యాక నాకో ప్రతి పంపాలని కూడా తోచలేదు నీకు.

నా మనసు విరిగింది బాలకిషన్. ఇరవై ఆరేళ్లు పాఠాలు చెప్పాను. రాసినవాడిగా నా పేరు ఎక్కడా ఒక్కసారైనా అచ్చు కాలేదు, ఇక కాదు కూడా. ఏరు దాటి తెప్ప తగలేశావు. దీన్ని ద్రోహమంటారు, ఇంకో మాట నాకు దొరకడం లేదు. ఇకమీదట ఆదివారాలు నాకు వేరే పనులున్నాయి. నువ్వు రానక్కరలేదు.

ఇట్లు,
ఒకప్పటి నీ సారు,
మార్కండేయులు

తా.క.: ఉత్తరం మడిచి మూడు రోజులైంది. పోస్టు చేయలేకపోయాను. పైన రాసిన మర్యాద మాట అబద్ధం. పేరు వద్దన్నది భయంతో. ఆ లెక్క నేను చేయలేదు. పదకొండో పేజీ దగ్గర దారి తప్పాను. సారుకు రావడం లేదని నీతో అనలేక నీ నోటుపుస్తకం తెరిచి, నీ జవాబే నా జవాబని చెప్పాను. నువ్వు కాళ్లు మొక్కితే మొక్కించుకున్నాను.

మీ నాన్న వచ్చి వెళ్లాక, నీలో తప్పు పట్టాలన్న కసితో, నా దగ్గరే ఉండిపోయిన నీ నోటుపుస్తకం పక్కన పెట్టుకుని నెల రోజులు ఒక్కో వరసా చేశాను. పందొమ్మిదో పేజీలో దయ్యం కణాల పదానికి ముందు ఉండాల్సిన మైనస్ గుర్తు నువ్వు వేయలేదు. మూడుసార్లు చూశాను. నీ జవాబు తప్పు. మొన్న అది దొరికినప్పుడు నాకు సంతోషమైంది, ఆ మాట కూడా దాచను. మర్నాడు మీ నాన్న బజారులో ఎదురై నమస్కారం పెడితే తలెత్తలేకపోయాను.

ఏప్రిల్‌లో నేను నిజంగా చేసి ఉంటే అప్పుడే మన జవాబులు వేరయ్యేవి. నువ్వు నన్ను నమ్మి అచ్చుకు పంపావు. వైవాలో పరీక్షకులు పట్టుకునేదాకా ఆగకు, ముందే నువ్వే చెప్పు. నా కాగితాలు ఇందులో పెట్టాను. విడిగా సరిచూసిన లెక్కలో ఇంత తప్పు ఎలా మిగిలిందని అడుగుతారు. నా పేరు చెప్పు.